దిగని నీళ్ళు

సత్యదుర్గ స్కూటీ ఆపేటప్పటికి లక్ష్మీకాంతం గారు వీధి అరుగు మీదే నిలబడి ఉన్నారు. ఇంట్లో ఒక్కరూ ఉండలేక బయటికొచ్చి ఎవరికోసమో చూస్తున్న మనిషిలా ఉన్నారావిడ.

“నువ్వేనా అమ్మా దుర్గవి? మా కౌముదికి బ్యాంకులో ఎవరో చెప్పేరట నీ గురించి.”

“ఆయ్, నేనేనండి. మిషన్ ఎక్కడుందండి?”

“పెరటి వసారాలో. ఇటు రా.”

అల్లవరం దాటి సముద్రం వైపు పోయే రోడ్డులో, రొయ్యల చెరువులు ఇంకా మొదలవకముందే, కొబ్బరితోటల మధ్య పది పదిహేను గడపలున్న పేట అది. లక్ష్మీకాంతం గారి భర్త కామేశ్వరరావు గారు అమలాపురంలో కాలేజీలో సంస్కృతం చెబుతారు. కూతురు కౌముది బ్యాంకు ఉద్యోగం. పొద్దున్నే ఇద్దరూ వెళ్ళిపోతే సాయంత్రం వరకూ ఇంట్లో ఆవిడొక్కరే.

దుర్గ సంగతి అమలాపురం చుట్టుపక్కల చాలామంది ఆడవాళ్ళకి తెలుసు. కాలవ రేవులో ఊరి బట్టలు ఉతికిన తల్లి కడుపున పుట్టింది. ఇరవై ఏళ్ళకి కువైట్ వెళ్ళి, ఒక ఆసుపత్రి లాండ్రీలో చేరింది. మొదటి మూడేళ్ళూ దుప్పట్లు మడతపెట్టడంతోనే సరిపోయింది. తరవాత అక్కడి మెకానిక్కు వెనకాల స్పానర్లందిస్తూ నిలబడి, మనిషి పట్టేంత పెద్ద మిషన్లని కూడా విప్పి బిగించడం నేర్చుకుంది. తిరిగొచ్చేక అదే వృత్తయింది. ఆడమనిషి మెకానిక్కేమిటని మొదట్లో వింతగా చూసినవాళ్ళే, తరవాత మొగుడు ఇంట్లో లేనప్పుడు ధైర్యంగా పిలిపించుకోవచ్చని ఒకరికొకరు చెప్పుకున్నారు.

వసారా గచ్చు కొత్తది. మూలన తెల్లటి మిషన్, గాజుతలుపు వెనకాల సగానికి పైగా నీళ్ళు, ఆ నీళ్ళలో మునిగి ఓ చీర, రెండు పంచెలు.

“కొని ఎనిమిది నెలలయిందమ్మా. ముందు బాగానే ఉంది. ఆషాఢంలో ఈ గచ్చు చేయించి, మిషన్ని ఆ గోడ దగ్గర్నించి ఈ గోడకి మార్చేం. అప్పట్నించీ ఇదే వరస. ఉతుకుతుంది, జాడిస్తుంది, తీరా నీళ్ళు వదలాల్సినప్పుడు ఆగిపోతుంది. ఇద్దరొచ్చి చూసేరు. ఒకాయన మోటారు మార్చేడు, ఇంకొకాయన లోపల బోర్డు మార్చేడు. వాళ్ళున్నంతసేపూ నీళ్ళు పోతాయి. వాళ్ళు వీధి మలుపు తిరిగేటప్పటికి మళ్ళీ మామూలే.”

“రోజూనా అండి?”

“రోజూ.” ఆవిడ ఇంకేదో చెప్పబోయి ఆగిపోయేరు.

దుర్గ ప్లగ్గు పీకేసింది. గోడకున్న కుళాయి బిగించి, మిషన్‌లోకి నీళ్ళొచ్చే గొట్టం ఊడదీసి పక్కన పడేసింది. వెనక్కి వంగి మురికినీళ్ళ గొట్టం చూసింది. ఎక్కడా మడత పడలేదు. తిన్నగా వెళ్ళి, గోడలోంచి మోకాలెత్తున బయటికొచ్చిన ప్లాస్టిక్ పైపులో దూరి ఉంది. ఇక మిగిలింది కింది ఫిల్టరు. దారం పోగో, చిల్లర నాణెమో, చిన్నపిల్లల మేజోడో అడ్డం పడిందంటే నీళ్ళు ఆగిపోతాయి. పదింట తొమ్మిది సార్లు జబ్బు అక్కడే ఉంటుంది.

అడుగున చిన్న మూత తెరిచి, వేలెడు గొట్టం బయటికి లాగి, బిరడా తీసి బకెట్లో పెట్టింది. సబ్బు నురగతో నీళ్ళు ధారగా దిగేయి. బకెట్ నిండింది. లక్ష్మీకాంతం గారు ఇంకోటి అందించి, నిండినది తీసుకెళ్ళి అరటిచెట్టు మొదట్లో పోసొచ్చేరు. అలా రెండు, మూడు.

ఆ సైజు మిషన్ ఎంత పట్టినా మూడు బకెట్లకి మించదు. నాలుగోది నిండుతుంటే దుర్గ తలెత్తి గాజుతలుపులోంచి చూసింది. నీటి మట్టం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. చీర కొంగు నీళ్ళలో మెల్లగా ఊగుతోంది.

ఐదో బకెట్లో నురగ లేదు. నీళ్ళు తేటగా, కాస్త పచ్చగా ఉన్నాయి. వేలు ముంచితే జిల్లుమంది. కార్తీకమాసమే గానీ, పది దాటిన ఎండలో ఆ చలువ ఎక్కణ్ణించి వచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. వాసన కూడా మారింది. ఆ వాసన దుర్గకి చిన్నప్పట్నించీ తెలిసిందే. తెల్లవారుజామున బానలో బట్టలు ఆవిరికి ఉబ్బ పెట్టినప్పుడు ఇల్లంతా కమ్మే చౌడుమట్టి వాసన. ఈ చుట్టుపక్కల చౌడు పెట్టి బట్టలు ఉడికించే మనిషి ఇప్పుడెవరూ లేరు.

ఎనిమిదో బకెట్ కూడా నిండింది. వచ్చే గొట్టం ఊడిపోయి ఎండలో పడుంది. మరి నీళ్ళెక్కడివి?

ఒక్కటే దారి మిగిలింది. లేచి వెనక్కి వెళ్ళి, గోడ పైపులోంచి మురికినీళ్ళ గొట్టం ఊడబెరికింది. అంతే, గాజు వెనకాల మట్టం దిగడం మొదలయింది, ఇంకో రెండు బకెట్లకి కింద ధార ఆగిపోయింది.

ఫిల్టరు తిప్పి బయటికి లాగింది. పిడికెడు ఇసక, రెండు నల్లటి నత్తగుల్లలు, తెల్లటి చౌడు ముద్ద ఒకటి. వాటిని గచ్చు మీద పెట్టి, ఫిల్టరు కడిగి బిగించి, మురికినీళ్ళ గొట్టాన్ని బకెట్లో పెట్టి మిషన్ ఆన్ చేసింది. అడుగున మిగిలిన నీళ్ళు ఒక్క నిమిషంలో బకెట్లోకి దూకేయి.

“మిషన్లో ఏ దోషం లేదండి. మోటారూ బోర్డూ అనవసరంగా మార్చేరు. నీళ్ళు మీ గోడ పైపులోంచి ఎదురొస్తన్నాయి. ఆ పైపు ఎక్కడికి పోతుందండి?”

“ఏమో అమ్మా, మేస్త్రీ వేసేడు. తోటలోకే కదా.”

దుర్గ గచ్చు మీద నీళ్ళు చిలకరించి చూసింది. వాలు తోట వైపే ఉంది. దిగువనున్న నీళ్ళు ఇంత ఎత్తుకి రావాలంటే వెనకనించి ఏదో తోయాలి. అక్కడ తోసేదేముంది? పైపు నోటి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెవి పెట్టింది.

చాలా దూరం నించి వస్తున్నట్టుగా చప్పుడు. ముందు ఎవరో ఊపిరి బిగించి వదిలిన హుస్సు. వెంటనే రాతి మీద తడిబట్ట దెబ్బ. మళ్ళీ హుస్సు, మళ్ళీ దెబ్బ. హడావిడి లేకుండా, అలవాటు పడ్డ మనిషి లెక్కతప్పకుండా బాదుతున్నట్టు.

తల వెనక్కి తీసుకుని తోటలోకి చూసింది. ఎండ పడ్డ కొబ్బరి మట్టలు తప్ప కదిలేదేదీ లేదు. పక్కింటి పెరట్లో ఎవరూ లేరు. చెవి తీస్తే చప్పుడు లేదు, పెడితే ఉంది.

“నీకూ వినిపించిందా?” అన్నారు లక్ష్మీకాంతం గారు గుమ్మంలోంచి. గొంతు బాగా తగ్గించి అన్నారు. “నాకే ఏదో అవుతోందనుకున్నాను. మిషన్లో నీళ్ళున్నంతసేపూ ఇలాగే. ఆయనకి చెప్పలేదు. నవ్వుతారని.”

“నవ్వే సంగతి కాదండి ఇది,” అంది దుర్గ.

భయం వేసింది. సంచీ సర్దుకుని వెళ్ళిపోతే బాగుండుననిపించింది. అయితే తను వెళ్ళిపోతే ఈవిడ సాయంత్రం దాకా ఒక్కరే ఆ మిషన్‌తో ఉండాలి. సంచీలోంచి పైపులు శుభ్రం చేసే స్ప్రింగు తీగ తీసి, కొసని గోడ పైపులోకి తోసింది.

తీగ సాఫీగా వెళ్ళింది. పదడుగులు, ఇరవై అడుగులు. గోడ దాటింది, తోటలోకి వెళ్ళింది. ముప్ఫై అడుగుల దగ్గర ఆగింది. గట్టిగా తగల్లేదు. ఎవరో చేతిలోకి తీసుకున్నట్టు మెత్తగా ఆగింది. దుర్గ వెనక్కి లాగబోయింది. రాలేదు. ఇంతలో ఆమె పిడికిట్లో తీగ తనంతట తానే మెల్లగా కుడివైపుకి తిరగడం మొదలెట్టింది. ఒక మెలిక తిరిగి ఆగింది, ఆమె కోసం చూస్తున్నట్టు.

దుర్గ చేతులు ఎడమవైపుకి తిరిగేయి.

తను తిప్పాలనుకోలేదు. చిన్నప్పుడు రేవులో దుప్పటి పిండేటప్పుడు తల్లి ఒక కొస, తనో కొస పట్టుకునేవారు. అమ్మ కుడికి తిప్పితే తను ఎడమకి తిప్పాలి. ఆ ఆపు, ఆ తిప్పు చేతులకి తెలిసినవే. ఇటు ఒకటి, అటు ఒకటి. తీగ బిగిసేకొద్దీ పైపు నోట్లోంచి నీళ్ళు బొటబొటా కారేయి.

“అమ్మా! చేతులు తీసెయ్!” అని లక్ష్మీకాంతం గారు కేకేసి భుజం పట్టుకుని లాగేరు. దుర్గ తీగ వదిలేసింది. తీగ బుస్సుమని విప్పుకుని, ఓ మూర లోపలికి వెళ్ళి ఆగింది.

ఇద్దరూ వచ్చి వీధి అరుగు మీద కూర్చున్నారు. లక్ష్మీకాంతం గారు భర్తకి ఫోన్ చేసి, ఉన్నపళాన రమ్మన్నారు.

కామేశ్వరరావు గారు గంటలో వచ్చేరు. ఏడాదిలో రిటైరవబోయే మనిషి. సన్నగా, నెమ్మదిగా ఉంటారు. ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని కంగారుగా వచ్చినాయన, మిషన్ సంగతని విని మొదట విసుక్కున్నారు. గోడలోంచి వేలాడుతున్న తీగనీ, గచ్చు మీద పెట్టిన ఇసకనీ చౌడు ముద్దనీ చూసేక ఆ విసుగు పోయింది.

“మాస్టారూ, ఈ పైపు ఎక్కడ కలిపించేరండి?” అని అడిగింది దుర్గ.

“పాత నుయ్యొకటి ఉంది. ఎప్పుడో పలక వేసి మూసేసేం. మేస్త్రీ మురికినీళ్ళెక్కడ వదలాలంటే, వాడకంలో లేదు కదా, అందులోకి పెట్టెయ్యమన్నాను.”

“అత్తగారు నన్ను అటు వెళ్ళనిచ్చేవారు కాదు,” అన్నారు లక్ష్మీకాంతం గారు. “పాములుంటాయనేవారు.”

దుర్గ గోడ పైపు చూపించింది. “ఓసారి చెవి పెట్టి వినండి మాస్టారూ.”

ఆయన వంగి విన్నారు. అలా వంగిన మనిషి మళ్ళీ తనంతట లేవలేకపోయేరు. భార్య రెక్క పట్టుకుని లేవదీసి స్టూలు మీద కూర్చోబెడితే, చేతుల్లో మొహం దాచుకుని, “మాణిక్యం,” అన్నారు.

మాణిక్యం ఆ ఇంటికి బట్టలుతికేది. రోజూ మధ్యాహ్నం వచ్చి నూతి దగ్గర బండ మీద ఉతికి, ఆరేసి వెళ్ళేది. అది ఆయనకి ఎనిమిదేళ్ళప్పటి మాట.

“ఒడుగై నెల కూడా కాలేదు. మా మేనమామ పెట్టిన చిన్న పట్టుపంచె ఉండేది. మడిబట్ట, బయటికి తియ్యొద్దన్నారు అమ్మ. నేను తీసి జెండాలా ఎగరేస్తూ నూతి చుట్టూ పరిగెట్టేను. చేయి జారి లోపల పడిపోయింది. నాన్న చంపేస్తారని ఏడుపు మొదలెట్టేను. మాణిక్యం ఉతుకు ఆపి వచ్చింది. ‘ఏడవకండి బుల్లిబాబుగారూ, నే తీస్తాను కదా’ అని గెడకర్ర పెట్టి వంగింది. నూతి చుట్టూ చప్టా అంతా నాచు.” ఆయన ఆగేరు. “నేను పరిగెత్తి వెళ్ళి గాదె వెనకాల దాక్కున్నాను. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. సాయంత్రం బండ మీద బట్టలు అలాగే ఉన్నాయేమిటని అమ్మ వెళ్ళి చూసేదాకా బయటికి రాలేదు.”

“ఎవరికీ చెప్పలేదా?” అన్నారు లక్ష్మీకాంతం గారు.

“కాలు జారి పడిందన్నారందరూ. నిజమే కదా, జారే పడింది. పంచె సంగతి ఎవరికీ తెలీదు. అడిగితే చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.”

“ముప్ఫై రెండేళ్ళు కాపురం చేసేం,” అన్నారావిడ. వెళ్ళి వసారా స్తంభానికి ఆనుకుని తోట వైపు చూస్తూ నిలబడ్డారు.

ఈ పెద్దమనిషి మీద కోపం తెచ్చుకోవాలో, ఆ ఎనిమిదేళ్ళ పిల్లాడి మీద జాలి పడాలో దుర్గకి తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చేయి. కాసేపటికి అడిగింది.

“మాణిక్యానికి పిల్లలున్నారా అండి?”

“ఒక కొడుకు. నాకంటే ఏడాదో రెండేళ్ళో చిన్న. అమ్మిరాజు. ఆ తరవాత వాళ్ళ మేనత్త తీసుకుపోయిందన్నారు. ఎక్కడున్నాడో తెలీదు.”

దుర్గకి తెలుసు. అంబాజీపేట సెంటర్లో, కొబ్బరికాయల లారీలు ఆగే చోట ఇస్త్రీ బండి పెట్టుకున్న, చిన్నప్పుడే తల్లి పోయి మేనత్త దగ్గర పెరిగిన అమ్మిరాజు బాబాయిని దుర్గ వాళ్ళవాళ్ళందరూ ఎరుగుదురు. ఆ మాటే చెప్పింది.

కామేశ్వరరావు గారు లేచి చొక్కా సర్దుకున్నారు.

“నువ్వు తోడు రా అమ్మా. ఒక్కణ్ణీ వెళ్తే మళ్ళీ వెనక్కొచ్చేస్తాను.”

అంబాజీపేటలో అమ్మిరాజు బండి నీడన నిలబడి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. బక్కపలచని మనిషి. తల పూర్తిగా నెరిసిపోయింది. దుర్గ వెనక దిగిన పెద్దాయన్ని చూసి, బట్టలివ్వడానికొచ్చేరనుకుని చేయి చాపేడు.

“నా పేరు కామేశ్వరరావు. అల్లవరం అవతల... మీ అమ్మ మాణిక్యం మా ఇంట్లో...”

అమ్మిరాజు ఇస్త్రీపెట్టె తీసి నిలబెట్టేడు. “నూతిలో పడిపోయింది, ఆ ఇల్లా అండి?”

రోడ్డు పక్కనే, లారీల మోతలో, కామేశ్వరరావు గారు జరిగిందంతా చెప్పేరు. ఏదీ దాచలేదు. ఎనిమిదేళ్ళవాణ్ణని తనని తాను వెనకేసుకు రాలేదు. అమ్మిరాజు అన్నీ విన్నాడు. కోప్పడతాడేమోనని దుర్గ భయపడింది గానీ, అతను అడిగింది ఒక్కటే.

“పిలిచిందా అండి?”

కామేశ్వరరావు గారు లారీల వైపు మొహం తిప్పుకున్నారు.

“నిజం చెప్పండి. పడగానే పోయిందన్నారు మాకు. నొప్పేం తెలీలేదన్నారు. పిలిచిందా?”

“పిలిచింది. నన్నే పిలిచింది. గాదె దాకా వినబడింది. ముందు నన్ను పిలిచింది, తరవాత... నీ పేరు పిలిచింది.”

అమ్మిరాజు బండి చెక్క మీద రెండు చేతులూ ఆనించి, తలొంచుకుని నిలబడిపోయేడు. ఒక లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. బొగ్గుల వేడికి సగం ఇస్త్రీ చేసిన చొక్కా మీద గాలి వణుకుతోంది.

“ఆ రోజు నేను అలిగి అన్నం తినలేదండి,” అన్నాడు చివరికి. “వచ్చి పెడతాదని కూర్చున్నాను. చీకటి పడ్డాక ఎవరో వచ్చేరు గానీ, అమ్మ కాదు.” తరవాత, “రేపు వస్తాను. నుయ్యి తెరిపించండి,” అన్నాడు.

మర్నాడు పొద్దున్న దుర్గ అతన్ని స్కూటీ వెనకాల ఎక్కించుకుని తీసుకెళ్ళింది. తోటలో కాయలు దింపడానికొచ్చిన ఇద్దరు కూలీలు గునపాలతో పలక చుట్టూ మట్టి తవ్వుతున్నారు. కామేశ్వరరావు గారు కాలేజీకి సెలవు పెట్టేరు. కౌముది కూడా వెళ్ళలేదు. తల్లి చేయి పట్టుకుని దూరంగా నిలబడింది. తండ్రి రాత్రి ఆ పిల్లకి కూడా చెప్పేసేరట.

పలక పక్కకి దొర్లింది. నూతి లోపల నీళ్ళు ఉండాల్సినచోట లేవు. పై అంచుకి జానెడు దిగువన, నిండుగా, నల్లగా, ఒక్క అల లేకుండా నిలిచి ఉన్నాయి. చుట్టుపక్కల నూతుల్లో ఎక్కడా అంత పైకి నీళ్ళు లేవని కూలీలకి తెలుసు. ఒకడు గునపం కింద పడేసి నాలుగడుగులు వెనక్కి వేసేడు. మళ్ళీ అదే చౌడు వాసన, తోటంతా.

“దగ్గరికెళ్ళకండి,” అన్నాడు రెండోవాడు.

అమ్మిరాజు చెప్పులు విప్పేడు. చప్టా మీద మోకాళ్ళూని, నీళ్ళకి మొహం దగ్గరగా పెట్టేడు. ఆ వయసులో ఆ మనిషి గొంతు అలా చిన్నపిల్లాడిదైపోతుందని దుర్గ అనుకోలేదు.

“అమ్మా. నేనే. అన్నం తిన్నానమ్మా.”

కొంతసేపు ఏమీ జరగలేదు. తరవాత నీళ్ళ మధ్యలో చిన్న సుడి లేచింది. గుండ్రంగా, మెల్లగా తిరిగింది. మట్టం తగ్గింది. నూతి గోడలో మొదటి ఒర తడిగా, పాచితో బయటపడింది. తరవాత రెండోది. నీళ్ళు లోపలికి దిగుతున్న శబ్దం తప్ప మరో చప్పుడు లేదు. మూడో ఒర, నాలుగో ఒర. ఆరో ఒర దగ్గర నీళ్ళు ఆగి, మామూలు నూతిలోలాగే వాటిలో ఆకాశం కనిపించింది. చౌడు వాసన పోయింది.

కామేశ్వరరావు గారు అమ్మిరాజు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఏదో అనబోయేరు. అమ్మిరాజు చేయెత్తి వద్దన్నాడు.

“మీరు క్షమించమని అడగొద్దు బాబుగారూ. అడిగితే ఏం చెప్పాలో నాకింకా తెలీదు. ఈ నుయ్యి మాత్రం మళ్ళీ మూయొద్దండి.”

“మూయను,” అన్నారాయన. “ఊళ్ళో అందరికీ చెబుతాను. మీ అమ్మ ఎలా పోయిందో, ఎవరివల్ల పోయిందో.”

“అది మీ ఇష్టమండి.”

లక్ష్మీకాంతం గారు ఇంట్లోకి వెళ్ళి, కొత్త చీర ఒకటి, పసుపూ కుంకుమా తెచ్చి చప్టా మీద పెట్టేరు. అమ్మిరాజు వాటివైపు ఓసారి చూసి, వద్దనలేదు.

మధ్యాహ్నానికి దుర్గ గోడ పైపుని నూతి వైపు నించి కోసేసి, కొత్త పైపు ముక్కతో అరటిపాదుల వైపు మళ్ళించింది. స్ప్రింగు తీగ లాగితే సునాయాసంగా వచ్చేసింది. మిషన్‌లో బట్టలు వేసి తిప్పించింది. నీళ్ళు వదిలే సమయం వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ వసారాలో చుట్టూ నిలబడ్డారు, పురిటిగది ముందు నిలబడ్డట్టు. లోపల మోటారు చిన్నగా మూలిగింది. అరటిచెట్ల మొదట్లో సబ్బునీళ్ళు గలగలా పారేయి. కౌముది ఒక్కసారి ఏడ్చేసింది.

తిరుగుదారిలో అమ్మిరాజు మళ్ళీ స్కూటీ వెనకాల ఎక్కేడు. అమలాపురం పొలిమేరలో టీకొట్టు దగ్గర ఆపమన్నాడు. బెంచీ మీద కూర్చుని, గాజుగ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, ఎండలోకి చూస్తూ అడిగేడు.

“నీళ్ళు దిగేటప్పుడు నీకేమన్నా వినబడిందా అమ్మా?”

“నీళ్ళ చప్పుడే బాబాయ్.”

“అంతేనా?”

“అంతే. మీకు?”

అతను టీ ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టేడు. “మొహం ఎప్పుడో మర్చిపోయేను. ఫొటో ఒక్కటీ లేదు కదా. పొట్టో పొడుగో కూడా తెలీదు నాకు. గొంతు వినగానే అన్నీ వచ్చేసేయి.” ఏం వినబడిందో చెప్పలేదు. దుర్గ అడగలేదు.

తరవాత అతను తల్లి గురించి చెప్పడం మొదలెట్టేడు. ఎడంచేతి వాటమనీ, చేపలపులుసులో కొబ్బరి వేసేదనీ, నవ్వితే నోటికి చేయి అడ్డం పెట్టుకునేదనీ. ఇన్నేళ్ళూ ఎవరూ అడగని మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. దుర్గ ఫోను రెండుసార్లు మోగింది. కొత్తపేటలో ఎవరి మిషనో తలుపు తెరుచుకోవడం లేదట, తొందరగా రమ్మంటున్నారు. ఆమె ఫోను కట్టేసి, ఇంకో రెండు టీలు చెప్పింది.